పాతదో కొత్తదో రావాలి, సున్నాలు రాకూడదు

ఒక డయాగ్నస్టిక్ ల్యాబు వాళ్ళు తమ సర్వరును బ్యాకప్ నుంచి మళ్ళీ నిలబెట్టుకున్నారు. అది వర్చువల్ మెషీను, అంటే సర్వరు మొత్తం ఒక పెద్ద ఫైలులో ఉంటుంది. ఆ ఫైలు కాపీ అయిపోగానే మెషీను ఆన్ చేశారు. లేచిన సర్వరుకు తన డిస్కులో నడుమ నడుమ సున్నాలు కనిపించాయి. డేటా ఉండాల్సిన చోట ఖాళీ. సర్వరు ఆ ఖాళీని నమ్మింది. తన ఫైళ్ళ పట్టిక చెడిపోయిందనుకొని దాన్ని సరిచేసుకుంటూ, లెక్కకు రాని రిపోర్టులను తీసేసింది. అది 2020, కరోనా కాలం. ఆ రిపోర్టుల కోసం మనుషులు ఎదురుచూస్తున్నారు.

ఆ ఫైలు ఉన్నది మా కంపెనీ తయారుచేసిన ఫైల్‌సిస్టమ్ మీద. డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో చూసుకుంటూ, రాసినదాన్ని రాసినట్టు తిరిగి ఇచ్చే సాఫ్ట్‌వేరు అది. ఆ కోడు రాసే బృందంలో నేను పనిచేస్తున్నాను. కొన్ని నెలల పాటు ఈ సున్నాలే నా లోకం అయ్యాయి. అప్పుడు పడినది, తెలుసుకున్నది ఉన్నదున్నట్టు చెప్పాలని ఇది రాస్తున్నాను.

నేనప్పుడు వాడపల్లిలో, మా ఇంట్లో ఉండి పనిచేస్తున్నాను. మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే హైదరాబాదులో గది ఖాళీ చేసి వచ్చేశాను. మా ఊరు తెలంగాణకు చివర. మూసీ వచ్చి కృష్ణలో కలిసేది ఇక్కడే. వంతెన దాటితే అవతల పొందుగుల, ఆంధ్రప్రదేశ్. ఆ మార్చి చివర్లో హైదరాబాదు హాస్టళ్ళ నుంచి సొంతూళ్ళకు బయల్దేరిన పిల్లలు సరిహద్దు దగ్గర ఆగిపోయి పడిగాపులు పడ్డారు. చేతిలో సరైన కాగితం ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య తేడా ఎంతో మేం కళ్ళారా చూశాం. అందుకే ల్యాబులో పోయిన రిపోర్టులను కంప్యూటరు లెక్కల్లో కొన్ని బ్లాకులుగా అనుకోవడం నావల్ల కాలేదు.

ఎక్కడ తప్పు జరిగిందో చెప్పాలంటే ఫైలు రాయడం ఎలా జరుగుతుందో ముందు చెప్పాలి. ప్రోగ్రాము రాయమని ఇచ్చిన డేటా వెంటనే డిస్కుకు పోదు. లినక్స్ దాన్ని మొదట మెమరీలో పెట్టుకుంటుంది. ఆ చోటును పేజీ క్యాష్ అంటాం. మామూలు కంప్యూటర్లలో ఒక్కో పేజీ 4096 బైట్లు. కొత్త డేటా పడిన పేజీకి ‘డర్టీ’ అని గుర్తు పెట్టి, పని అయిందని ప్రోగ్రాముకు జవాబిచ్చేస్తుంది. డిస్కుకు పంపడం తర్వాతి సంగతి. మామూలు సెట్టింగుల్లో లినక్స్ మూలభాగమైన కెర్నెల్ 5 సెకన్లకోసారి లేచి, 30 సెకన్లు దాటిన డర్టీ పేజీలను డిస్కుకు పంపుతుంది. అదే రైట్‌బ్యాక్. పంపేటప్పుడు డర్టీ గుర్తు తీసి రైట్‌బ్యాక్ గుర్తు పెడుతుంది. రాయడం అయిందని డిస్కు చెప్పాక ఆ గుర్తునూ తీసేస్తుంది.

ఫైలు చదవడానికి డైరెక్ట్ రీడ్ అనే ఇంకో దారి ఉంది. అది ఈ పేజీ క్యాష్‌లో చూడదు. డిస్కు నుంచి నేరుగా ప్రోగ్రాము మెమరీలోకి తెచ్చుకుంటుంది. డేటాబేసులకూ వర్చువల్ మెషీన్లకూ సొంత క్యాష్ ఉంటుంది. ఒకే డేటాను రెండు చోట్ల దాచడం దండగని అవి ఈ దారి పడతాయి. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీకి ఈ దారి ఉంది. వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎంలో ‘క్యాష్ నన్’ అని పెడితే అదీ ఇదే దారిలో చదువుతుంది. ఒకే ఫైలును ఒకరు పేజీ క్యాష్ ద్వారా రాస్తూ మరొకరు నేరుగా చదివినప్పుడే చిక్కు. ఈ రెండు దారులూ ఒకే ఫైలు మీద కలపవద్దని లినక్స్ మాన్యువల్ హెచ్చరిస్తుంది. కానీ హెచ్చరించాం కదా అని లేని సున్నాలు చేతిలో పెట్టే హక్కు ఫైల్‌సిస్టమ్‌కు లేదు. ల్యాబులో కాపీ చేసే ప్రోగ్రాము పేజీ క్యాష్ ద్వారా రాసింది, ఆ పని ముగిసింది. ఆ తర్వాతే వర్చువల్ మెషీను నేరుగా చదివింది. ల్యాబు వాళ్ళు చేసినది సర్వర్లు నడిపే వాళ్ళెవరైనా చేసే పనే.

అందుకే డైరెక్ట్ రీడ్ మొదలుపెట్టే ముందు ఫైల్‌సిస్టమ్ రెండు పనులు చేయాలి. చదవబోయే మేరలో డర్టీ పేజీలుంటే డిస్కుకు పంపాలి. రైట్‌బ్యాక్ గుర్తులన్నీ పోయేదాకా ఆగాలి. మా కోడు ఆ రెండూ చేస్తోంది. అయినా సున్నాలు వచ్చాయి.

మొదట్లో తప్పు మా కోడులో ఉందని నమ్మినవాళ్ళు మా వైపు తక్కువ. డిస్కులు పరీక్షించుకోమన్నారు, మెమరీ మార్చి చూడమన్నారు. ల్యాబు వాళ్ళు అన్నీ చేశారు. చివరికి బ్యాకప్‌ను మళ్ళీ కొత్త పేరుతో కాపీ చేసి, ఆ కాపీలో ఏమీ రాయకుండా కట్టడి చేసి మెషీను లేపారు. మళ్ళీ సున్నాలే. మెషీను ఆపి ఆ ఫైలు మొత్తానికి చెక్‌సమ్, అంటే బైట్లన్నిటి నుంచి తేల్చే ఒక అంకె, లెక్కగడితే బ్యాకప్‌తో ఒక్క బైటు తేడా లేదు. దాంతో మా దగ్గర చాలామందికి ఇది వర్చువల్ మెషీను తప్పే అనిపించింది. ల్యాబులో సర్వర్లు చూసుకునే ఆయన కాల్‌లో గొంతు పెంచకుండా ఒకటే అడిగారు. “ఫైలు బాగానే ఉందంటున్నారు. మరి మా రిపోర్టులు ఏమైనట్టు?” ఆ కాల్‌లో ఉన్న ఎవరి దగ్గరా జవాబు లేదు.

నన్ను పట్టి ఆపినది ఆ సున్నాల తీరు. అవి ఎప్పుడూ 4096 గుణిజం దగ్గరే మొదలయ్యేవి, గుణిజం దగ్గరే ముగిసేవి. మెమరీ చెడితే అక్కడొక బిట్టు, ఇక్కడొక బిట్టు మారుతుంది. డిస్కు చెడితే చదవలేనని ఎర్రరు చెబుతుంది. ఇంత నీటుగా గీత గీసినట్టు సున్నాలు ఇచ్చేది ఫైల్‌సిస్టమ్ ఒక్కటే. ఈ చోట ఎవరూ ఏమీ రాయలేదని అది నమ్మినప్పుడు డిస్కు దాకా పోకుండానే సున్నాలు ఇచ్చేస్తుంది. చెక్‌సమ్ ఎందుకు సరిపోయిందో కూడా అక్కడే తెలిసింది. చెక్‌సమ్ లెక్కగట్టే ప్రోగ్రాము పేజీ క్యాష్‌లోంచి చదువుతుంది, అందులో డేటా భద్రంగా ఉంది. కాసేపు ఆగి నేరుగా చదివినా డేటా సరిగ్గానే వచ్చేది. తప్పు జరిగే క్షణం దాటిందంటే దాని ఆనవాలు ఎక్కడా మిగలదు.

ఇలాంటిదాన్ని మా పనిలో రేస్ కండిషన్ అంటాం. రెండు పనులు ఒకేసారి నడుస్తుంటాయి. వాటిలో ఏది ముందు, ఏది వెనక అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. లక్షల సార్లు వరుస సరిగ్గానే పడుతుంది. ఎప్పుడో ఒకసారి తప్పుతుంది. ఆ ఒక్కసారి మన కళ్ళ ముందు జరిపించుకోగలిగితేనే దాని మీద పని చేయగలం.

అదే నన్ను ఎక్కువ ఏడిపించింది. పరీక్షించే మెషీన్లు కంపెనీ ల్యాబులో ఉన్నాయి, నేను ఇక్కడి నుంచి వాటిలోకి లాగిన్ అయ్యేవాణ్ణి. ఒకవైపు పేజీ క్యాష్ ద్వారా రాస్తూ, ఇంకోవైపు నేరుగా చదువుతూ, చదివినదాన్ని రాసినదానితో పోల్చేలా ఫియో అనే పరీక్షా సాధనాన్ని నడిపాను. నెక్స్ట్, ఆపిల్ కంపెనీల రోజుల నుంచి వస్తున్న ఎఫ్ఎస్ఎక్స్ అనే పరీక్షనూ నడిపాను. ఫైలు మీద అడ్డదిడ్డంగా రాతలు, చదువులు, కత్తిరింపులు జరిపి ఎక్కడైనా తేడా వస్తే పట్టుకోవడం దాని పని. రాత్రంతా నడిచి, తెల్లవారేసరికి ఏ తప్పూ లేదని చూపేది. ఎప్పుడో ఒకసారి ఒక పేజీలో సున్నాలు దొరికేవి. అప్పటికి ఆ క్షణం పోయి చాలాసేపయ్యేది. ఏ క్రమంలో జరిగిందో తెలుసుకుందామని కోడులో మెసేజీలు ప్రింట్ చేయిస్తే తప్పు రావడమే మానేసేది. ప్రింట్ చేయడానికి పట్టే ఆ కాస్త సమయమే వరుసను మార్చేస్తుంది.

చివరికి కెర్నెల్‌లో ఏది ఎప్పుడు జరిగిందో నమోదు చేసే ఎఫ్‌ట్రేస్ పట్టుకున్నాను. అది మెమరీలోనే గుర్తులు వేసుకుంటూ పోతుంది కాబట్టి వేగం పెద్దగా తగ్గదు. తేడా దొరికిన క్షణానే ట్రేస్ ఆగిపోయేలా పరీక్షను రాశాను. ఇక మిగిలింది ఎదురుచూడటమే. నిద్ర కుదిరేది కాదు. కళ్ళు మూసుకుంటే లాకుల పేర్లు, ఫంక్షన్ల పేర్లు తిరిగేవి. అక్టోబరు 13న హైదరాబాదులో కుంభవృష్టి కురిసి మూసీకి వరద వచ్చింది. ఆ వారం మా దగ్గర కరెంటు, నెట్టు సరిగ్గా లేవు. మెషీను ఆగిపోయిందో నడుస్తోందో తెలియదు. ఫోను పట్టుకొని సిగ్నల్ కోసం మేడ మీద అటూ ఇటూ తిరగడమే అయింది.

ఆ రోజుల్లోనే బృందంలో ఒక ప్యాచ్ తయారైంది. డైరెక్ట్ రీడ్ మొదలయ్యే ముందు కొన్ని మిల్లీసెకన్లు ఊరికే ఆగడం, అంతే. అది పెట్టాక పరీక్షల్లో సున్నాలు రావడం ఆగిపోయింది. పైవాళ్ళకు అది చాలు. కస్టమర్ విసిగిపోయి ఉన్నాడు, విడుదల తేదీ దగ్గర పడింది. నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఆగాలో, దేని కోసం ఆగాలో చెప్పలేని ఆగడం అది. మెషీను మీద లోడు పెరిగిన రోజున ఆ మిల్లీసెకన్లు చాలవు. అప్పుడు సున్నాలు మళ్ళీ వస్తాయి, ఈసారి ఇంకా అరుదుగా, ఇంకా పట్టుకోలేనట్టుగా వస్తాయి. తప్పును తక్కువ చేయడం అంటే దాన్ని దాచడమే అని చెప్పాను. “చాలవని నీ దగ్గర రుజువేమిటి?” అని అడిగారు. రుజువు లేదు. మీటింగు మీద మీటింగు అదే ప్రశ్న, నాది అదే జవాబు. పని మొండికేయడం కంటే, నేను మొండిగా ఉన్నానని తోటివాళ్ళు అనుకుంటున్నారన్న సంగతి ఎక్కువ బాధపెట్టింది. అయినా ఆ ల్యాబు ఆయన ప్రశ్నకు ఈ ప్యాచ్ జవాబు కాదు. అది మాత్రం నాకు గట్టిగా తెలుసు.

వరద తగ్గి, నెట్టు వచ్చి, లాగిన్ అయ్యేసరికి పరీక్ష ఆగిపోయి ఉంది. ట్రేస్ దొరికింది.

దాన్ని వరుసగా చదివాను. కాపీ చేసే ప్రోగ్రాము కొత్త చోట రాసింది. రైట్‌బ్యాక్ మొదలైంది. ఫైల్‌సిస్టమ్ డిస్కులో చోటు కేటాయించి, దాన్ని ‘ఇంకా రాయనిది’ అని తన పట్టికలో గుర్తు పెట్టుకుంది. ఈ గుర్తుకు గట్టి కారణం ఉంది. ఆ చోట ఇంతకుముందు ఎవరో చెరిపేసిన ఫైలు ఉండొచ్చు. కొత్త డేటా పూర్తిగా పడకముందే కరెంటు పోతే, పాత ఫైలులోని రహస్యాలు కొత్త ఫైలులో కనిపిస్తాయి. అలా జరగకూడదని ‘రాయనిది’ అన్న చోట చదివితే సున్నాలే ఇస్తుంది. డేటా డిస్కు మీద పడ్డాక ఆ గుర్తును ‘రాసినది’ అని మార్చాలి. అలా మార్చడానికి జర్నల్‌లో, అంటే పట్టిక మార్పులను ముందుగా రాసుకునే చిట్టాలో, నమోదు కావాలి. డిస్కు పని అయిందని చెప్పేది ఇంటరప్ట్‌లో, అంటే నడుస్తున్న పనిని ఆపి వచ్చే పిలుపులో. అక్కడ ఆగి జర్నల్ పని చేయడానికి వీల్లేదు. అందుకని ఆ మార్పును వెనక నడిచే వర్కర్‌కు అప్పగిస్తాం. రైట్‌బ్యాక్ గుర్తును మాత్రం ఇంటరప్ట్‌లోనే, అప్పటికప్పుడే తీసేస్తున్నాం.

ఆ రెండింటి నడుమే ఖాళీ ఉంది. డేటా డిస్కు మీద ఉంది. రైట్‌బ్యాక్ గుర్తు పోయింది. పట్టికలో మాత్రం ఇంకా ‘రాయనిది’ అనే ఉంది. ఆగి ఉన్న డైరెక్ట్ రీడ్ గుర్తు పోవడం చూసి కదిలింది, పట్టికను అడిగింది, సున్నాలు పట్టుకెళ్ళింది. వర్కర్ తీరిగ్గా ఉంటే ఈ ఖాళీ మిల్లీసెకనులో చిన్న ముక్క. మెషీను పని ఒత్తిడిలో ఉంటే ఎంతైనా కావచ్చు. డేటాను డిస్కుకు చేర్చమని అడిగే ఎఫ్‌సింక్ దారిలో ఈ వర్కర్ కోసం వేరేగా ఆగే కోడు ఉంది. డైరెక్ట్ రీడ్ దారిలో లేదు. అందుకే ఎఫ్‌సింక్ చేసే డేటాబేసులకు ఇన్నేళ్ళూ ఇది తగల్లేదు. కాపీ చేసి వెంటనే మెషీను లేపిన ల్యాబుకు తగిలింది.

నాయన మిర్యాలగూడ రైస్ మిల్లులో చాలా ఏళ్ళు గుమస్తాగా చేశాడు. ఆ పూట అన్నం ముందు కూర్చొని కూడా నేను కంప్యూటరు వైపే చూస్తుంటే, “ఏంది బిడ్డా, అన్నం మీద ధ్యాసే లేదు నీకు?” అని అడిగాడు. నాకు చేతనైనట్టు చెప్పాను. అంతా విని అన్నాడు. “అంటే బస్తాలు గోదాములో దిగినయి, స్టాకు బుక్కులో ఎక్కలే. బుక్కు చూసినోడు సరుకు లేదంటడు. అంతే గదా?” అంతేనన్నాను. “మరి బుక్కులో ఎక్కియ్యకముందే లారీకి గేట్ పాసు ఎట్లిచ్చిండ్రు?” మర్నాడు రివ్యూలో నేను వేసిన ప్రశ్న కూడా ఇదే. పట్టిక మార్చకముందే రైట్‌బ్యాక్ గుర్తు ఎందుకు తీస్తున్నాం?

ఇక రుజువు చేయడం తేలికైంది. గుర్తు తీయడానికీ పట్టిక మార్చడానికీ నడుమ కావాలనే ఆలస్యం పెట్టాను. సున్నాలు ప్రతిసారీ వచ్చాయి. ఊరికే ఆగే ఆ ప్యాచ్ పెట్టి, నడుమ ఆలస్యాన్ని దానికంటే కాస్త పెంచాను. మళ్ళీ ప్రతిసారీ వచ్చాయి. ఆ ప్యాచ్ గురించి తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

వరుస మార్చితే అయిపోతుంది అనిపిస్తుంది. పట్టికలో ముందు మార్చు, తర్వాత గుర్తు తీయి. అలా మార్చి నడిపితే మెషీను బిగుసుకుపోయింది. ఒక థ్రెడ్డు 120 సెకన్లకు మించి కదలకుండా ఉందని కెర్నెల్ హెచ్చరిక రాసింది. తర్వాత ఇంకో థ్రెడ్డు, మరొకటి. చూస్తే డెడ్‌లాక్. రాసే థ్రెడ్డు జర్నల్‌లో ట్రాన్సాక్షన్ తెరిచి, ఒక పేజీ మీది రైట్‌బ్యాక్ గుర్తు పోవాలని ఆగింది. ఆ గుర్తు పోవాలంటే వర్కర్ పట్టిక మార్చాలి. పట్టిక మార్చాలంటే వర్కర్‌కు జర్నల్‌లో చోటు కావాలి. జర్నల్ నిండి ఉంది, తెరిచిన ట్రాన్సాక్షన్ మూస్తే తప్ప చోటు రాదు. ఇదీ ఆగింది, అదీ ఆగింది. గుర్తును ముందే తీసేసేలా మొదట రాసినవాళ్ళు నిర్లక్ష్యంగా రాయలేదని అప్పుడు అర్థమైంది. ఈ డెడ్‌లాక్ రాకూడదనే వాళ్ళు ఆ దారి పట్టారు.

దారి చూపింది లినక్స్ సొంత ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4. సూసె కంపెనీలో పనిచేసే యాన్ కారా 2013లో సరిగ్గా ఇదే పని చేశారు. అంతకుముందు ఈఎక్స్‌టీ4లోనూ రైట్‌బ్యాక్ గుర్తు ముందే పోయేది, పట్టిక తర్వాత మారేది. దేని తర్వాత దేని కోసం ఆగాలన్న లాకుల వరుస వల్లే అలా చేయాల్సివచ్చిందని ఆయన తన మార్పుతో పాటు వివరంగా రాసిపెట్టారు. పరిష్కారం ఏమిటంటే, రైట్‌బ్యాక్ మొదలుపెట్టే ముందే, గుర్తు పెట్టకముందే, తర్వాత పట్టిక మార్చడానికి కావాల్సిన జర్నల్ చోటును రిజర్వు చేసుకోవాలి. అప్పుడు వర్కర్ చోటు కోసం ఎవరి ముందూ ఆగక్కర్లేదు. పట్టిక మార్చాకే గుర్తు తీయొచ్చు. ఆ మార్పు లినక్స్ 3.11లో వచ్చింది. ఎఫ్‌సింక్‌లో వేరేగా ఆగే కోడు అక్కర్లేకుండా పోయింది, ఎందుకంటే గుర్తు పోయిందంటే అంతా అయిపోయిందనే అర్థం. వాడపల్లిలో మా ఇంటి ముందు గదిలో కూర్చొని ఏడేళ్ళ కిందటి ఆ వివరణ చదువుతుంటే, ఎవరో ఇదే అలసట పడి నాకోసం రాసి ఉంచినట్టు అనిపించింది. చేసిన మార్పు ఎందుకు చేశారో రాసిపెట్టడం ఎంత మేలు చేస్తుందో ఆ రోజు తెలిసింది.

మా జర్నల్ కోడు వేరు కాబట్టి రిజర్వు చేసే పద్ధతిని మొదటి నుంచి రాసుకోవాల్సివచ్చింది. ఎంత చోటు కావాలో ముందే లెక్కగట్టాలి. తక్కువ తీసుకుంటే మళ్ళీ డెడ్‌లాక్. ఎక్కువ తీసుకుంటే జర్నల్ ఊరికే నిండి వేగం పడిపోతుంది. మెమరీ అయిపోతున్నప్పుడు కూడా ఆ వర్కర్ కదలగలగాలి, ఎందుకంటే మెమరీ ఖాళీ కావాలంటే డర్టీ పేజీలు పోవాలి, అవి పోవాలంటే ఆ వర్కరే పని చేయాలి. ఒక్కో మార్పూ కష్టపెట్టింది.

అంతా పెట్టాక పరీక్షల్లో సున్నాలు పోయాయి. ఒక్క పరీక్షలో తప్ప. ఫైలు చివర కొత్తగా కలుపుతూ రాస్తున్నప్పుడు మాత్రం అరుదుగా వచ్చేవి. అది వేరే రేసు. మా డైరెక్ట్ రీడ్ ముందు డర్టీ పేజీలను పంపి, ఆగి, ఆ తర్వాత ఫైలు సైజు చూసేది. ఆ రెండింటి నడుమ రాసేవాడు ఇంకొంత కలిపితే సైజు పెరుగుతుంది. పెరిగిన భాగం ఇంకా మెమరీలోనే ఉంటుంది, డిస్కులో చోటు కూడా ఉండదు. సైజు లోపలే ఉంది కదా అని ఆ భాగాన్ని సున్నాలతో నింపి ఇచ్చేది. సైజును ముందు చూసి, తర్వాత డర్టీ పేజీలను పంపి, ముందు చూసిన సైజు దాకానే చదవాలి. డేటా మెమరీలో పడ్డాకే సైజు పెరుగుతుంది కాబట్టి, ఆ సైజు లోపలిదంతా మనం పంపినదాంట్లో ఉంటుంది. కొత్తగా కలిపినది ఈసారి కనిపించకపోవచ్చు. దాంట్లో తప్పు లేదు. తక్కువ చదవొచ్చు, లేని సున్నాలను ఉన్నాయని చెప్పకూడదు.

డైరెక్ట్ రీడ్ ఇచ్చిన మాట ఇంతే. రాయడం, చదవడం ఒకేసారి జరుగుతుంటే పాతదైనా రావొచ్చు, కొత్తదైనా రావొచ్చు. రాయడం ముగిశాక చదివితే కొత్తదే రావాలి. ఎవరూ ఎన్నడూ రాయని మూడోది ఎట్టి పరిస్థితుల్లోనూ రాకూడదు. ఈ మూడు వాక్యాలను కోడు పైన వ్యాఖ్యగా రాశాను. వాటి కింద ఏది దేనికోసం ఆగాలో, ఏ వరుసలో ఆగాలో, ఆ వరుస తప్పితే ఏమవుతుందో రాశాను. రివ్యూలో ఎక్కువ కాలం పట్టింది కోడుకు కాదు, ఆ వ్యాఖ్యకు. ఒక్కో వాక్యాన్నీ అందరూ నిలదీశారు. అలా నిలదీయడం నాకు ఎంతో ఊరటనిచ్చింది. మొదట నన్ను మొండి అనుకున్న సహోద్యోగి ఒకరు నాకు తట్టని ఒక సందర్భాన్ని చూపించి వ్యాఖ్యలో ఇంకో వాక్యం కలిపించారు.

ల్యాబు వాళ్ళకు కొత్త వెర్షన్ వెళ్ళింది. వాళ్ళు అదే బ్యాకప్‌ను అదే తీరులో మళ్ళీ నిలబెట్టారు. సర్వరు ఏ సున్నా లేకుండా లేచింది. మొదటిసారి సర్వరు లేచాక కొత్తగా ఎక్కి, ఆ తర్వాత అది తీసేసిన రిపోర్టులు మాత్రం తిరిగి రాలేదు. కాగితం మీద ఉన్నవాటిని చూసి వాళ్ళ సిబ్బంది మళ్ళీ ఎక్కించుకున్నారు. ఎందుకు పోయాయో ఆయనకు ఫోనులో పూర్తిగా చెప్పాను. ఓపిగ్గా విని, “ఇప్పుడు అర్థమైంది, ఇక నమ్ముతాను” అన్నారు. కోల్పోయినదానికి అది సాటి రాదు. అయినా ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ పడ్డాననిపించింది.

2023 డిసెంబరులో, లినక్స్ పంపిణీ అయిన డెబియన్ వాళ్ళు 12.3 విడుదలను ఆపేసి, సరిచేసిన కెర్నెల్‌తో 12.4 ఇవ్వాల్సివచ్చింది. 6.1.64 కెర్నెల్‌లో ఈఎక్స్‌టీ4 డైరెక్ట్ రైట్‌కు సంబంధించిన ఒక మార్పు డేటాను పాడుచేసేలా తయారైంది. ఆ మార్పు కొత్త కెర్నెల్‌లో సరైనదే. దానికి తోడుగా ఉండాల్సిన మరో మార్పు లేకుండా పాత కెర్నెల్‌లోకి వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు ఎవరినీ తప్పుపట్టాలనిపించలేదు. ఒక మార్పు దేని మీద ఆనుకొని నిలబడిందో తెలియకపోతే, మంచి మార్పు కూడా ఇలా కూలుతుందని మాత్రం మరింత గట్టిగా అనిపించింది.

నాతో పనిచేసే కుర్రవాళ్ళకు నేను చెప్పేది ఇదొక్కటే. రేసు కనిపించకుండా పోతే సంతోషించకండి. దాన్ని కావాలన్నప్పుడు రప్పించగలిగితే, ఏది దేనికోసం ఆగాలో మాటల్లో చెప్పగలిగితే, అప్పుడు సరిచేసినట్టు. ఆలస్యం పెట్టి సున్నాలు రప్పించిన ఆ పరీక్ష ఇప్పుడు మా ప్రతి విడుదలకు ముందూ నడుస్తుంది. ఈమధ్య బృందంలో చేరిన ఒకమ్మాయి వేగం పెంచడానికి రైట్‌బ్యాక్ గుర్తును మళ్ళీ ఇంటరప్ట్‌లోకి జరిపింది. పరీక్ష అక్కడికక్కడే పట్టుకుంది. ఆమె వ్యాఖ్య చదువుకొని, ఎందుకు కుదరదో తనే నాకు వివరించింది, వేగం ఇంకో చోట సంపాదించింది.